ధ్రువణమా, ధ్రువీకరణమా?

మాస్టారూ, ఒక సందేహం. పిల్లల పత్రికకు పల్సార్ల గురించి, అంటే గిర్రున తిరుగుతూ రేడియో స్పందనలు పంపే నక్షత్రాల గురించి, రాస్తున్నాను. వాటి రేడియో తరంగాల పోలరైజేషన్‌ను ధ్రువణం అనాలా, ధ్రువీకరణం అనాలా? అసలు అల ఒకే దిశలో ఊగడానికీ ధ్రువానికీ ఏమిటి సంబంధం?

*

ధ్రువణమే రాయండి. ధ్రువీకరణ అనగానే చదువరికి కుల ధ్రువీకరణ పత్రం గుర్తొస్తుంది. ఇంకొక్క మాట: ఆ ‘ధ్రు’కు ఉండాల్సింది క్రావడి, వట్రుసుడి కాదు. ‘ధృవం’ అని అచ్చులో కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మీ రెండో ప్రశ్న చాలా మంచిది. నిజానికి సంబంధం లేదు. 1808లో పారిస్‌లో మాలూస్ అనే ఇంజనీరు, ఒక భవనం కిటికీ అద్దాల మీద పడి తిరిగివచ్చే సాయంకాలపు ఎండను, దేన్నైనా రెండు బొమ్మలుగా చూపే ఒక స్ఫటికంలోంచి చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే కనిపించే రెండు బొమ్మల వెలుగు హెచ్చుతగ్గులవుతోంది. కాంతి రేణువులకు అయస్కాంతానికి ఉన్నట్టే ధ్రువాలుంటాయని ఊహించి, ఆ తరవాత ఈ పేరు పెట్టాడు. కాంతి అడ్డంగా ఊగే అల అని పిమ్మట తేలింది. ఊహ పోయింది, పేరు ఉండిపోయింది.

కానీ పల్సార్ల విషయంలో ఆ పేరు నిజంగానే ధ్రువాన్ని చూపింది! వెలా పల్సార్ సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో దాన్ని చూసిన రాధాకృష్ణన్ (సి.వి. రామన్ కుమారుడు), కుక్ 1969లో ఒక సంగతి ప్రకటించారు. ఒక్కో స్పందన సాగే కొన్ని మిల్లీసెకన్లలోనే ధ్రువణ దిశ నునుపుగా పక్కకు తిరుగుతోంది. అయస్కాంత ధ్రువం మన చూపుకు అడ్డంగా దాటిపోతుంటే, అక్కడినుంచి విచ్చుకునే బలరేఖల వాలు మనకు మారుతూ కనిపిస్తుందని, ధ్రువణం ఆ వాలునే అనుసరిస్తుందని వారి వివరణ.

*

ధ్రువమంటే కదలనిది కదా మాస్టారూ! ‘ధ్రువణ దిశ తిరిగింది’ అని రాస్తే విరుద్ధంగా ఉండదా?

*

ఉండదు, ధైర్యంగా రాయండి. కదలని ధ్రువతార వల్ల భూమి ఇరుసు కొసకు ధ్రువమనే పేరు స్థిరపడింది. అయస్కాంతం కొసకూ అదే పేరు. అక్కడికి వచ్చేసరికి ‘కదలనిది’ అన్న అర్థం మరుగున పడింది.

క్రియ విషయంలో మాత్రం జాగ్రత్త. పల్సార్ తిరగడం వల్ల మారే దిశకు ‘తిరిగింది’ అనండి. దారిలో నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు, అయస్కాంత క్షేత్రం కలిసి చేసే మార్పుకు ‘తిప్పాయి’ అనాలి. అది ఫారడే భ్రమణం. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఆ తిప్పడం నాలుగు రెట్లవుతుంది. తిరుగు, తిప్పు అని మనకు రెండు క్రియలున్నాయి కాబట్టి, ఏ మార్పు ఎక్కడిదో పిల్లలకు ఒక్క మాటతో తెలిసిపోతుంది.