ఫ్రెంచి వాతావరణం ఉన్న దీవి, ఇద్దరికి రెండున్నర లక్షల్లో: ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

ప్రశ్న (కాకినాడ నుంచి):
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాదికి మా పెళ్ళయి పదేళ్ళు. బాబుని అత్తగారి దగ్గర ఉంచి, ఇద్దరమే ఒక వారం ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం. మా ఆవిడ కాలేజీలో ఫ్రెంచి చదువుకుంది. ఆ భాష వీధిలో వినపడే చోట తిరగాలని తన కోరిక. నాకేమో సముద్రం కావాలి. పారిస్ మా తాహతుకు మించిన మాట. రీయూనియన్, మారిషస్, సీషెల్స్, గ్వాడలూప్ అని నాలుగు పేర్లు రాసుకున్నాం. మారిషస్ అంటే మాత్రం ఏజెంట్లందరూ హనీమూన్ ప్యాకేజీలే చూపిస్తున్నారు. అక్కడ ఫ్రెంచి నిజంగా ఉందా, లేక మాటవరసకు చెబుతారా? ఇద్దరం శాకాహారులం. మాకు సెలవు జూలైలోనే దొరుకుతుంది.

జవాబు (హైదరాబాద్ నుంచి):
మేమిద్దరం మారిషస్‌కు రెండుసార్లు వెళ్ళాం అండి. మొదటిసారి ప్యాకేజీలో, రెండోసారి సొంతంగా. ఆ రెండూ ఒకే దేశమంటే మీరు నమ్మరు. మొదటిసారి ఏజెంటు మమ్మల్ని తూర్పు తీరంలో ఒక పెద్ద రిసార్టులో దింపాడు. గేటు బయట ఊరు లేదు, కొట్టు లేదు. బఫేలో పనీర్, నాన్. చుట్టూ మన దేశం నుంచి వచ్చిన కొత్త జంటలే. ఆరు రోజుల్లో ఒక్క ఫ్రెంచి ముక్క వినలేదు. అది కూడా జూలైయే. పొద్దస్తమానం ఈదురుగాలి. మా ఆవిడ శాలువా కప్పుకుని బీచ్‌లో కూర్చుంది.

అందుకే మీరు అడిగినదానికి నా జవాబు: మారిషస్‌కే వెళ్ళండి, కానీ రిసార్టులో దిగకండి. ఊళ్ళో దిగండి.

ఫ్రెంచి ఉందా అంటే, గట్టిగా ఉంది. 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలారు. అప్పట్లో దాని పేరు ఇల్ ద ఫ్రాన్స్. 1810లో ఇంగ్లీషువాళ్ళు గెలిచినా, అక్కడివాళ్ళ మతం, చట్టాలు, ఆచారాల జోలికి వెళ్ళబోమని ఒప్పుకున్నారు. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చేదాకా ఇంగ్లీషువాళ్ళే పాలకులు, అయినా ఈ రోజుకీ పెద్ద దినపత్రికలు ఫ్రెంచిలోనే వస్తాయి. ఇళ్ళలో, వీధిలో మాట్లాడేది క్రియోల్. అది ఫ్రెంచి నుంచి పుట్టిన భాష. మీ ఆవిడ మొదటి రోజు తికమకపడతారు, మూడో రోజుకి సగం పట్టేస్తారు. తను ఫ్రెంచిలో అడిగితే అవతలివాళ్ళు ఫ్రెంచిలోనే జవాబిస్తారు. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు "బోఁజూర్" అనాలి. తిన్నగా బేరంలోకి దిగితే మర్యాదగా ఉండదు.

వీసా కోసం ముందుగా తిరగక్కర్లేదు. తిరుగు టికెట్, బస చూపిస్తే దిగాక ముద్ర వేస్తారు. బయల్దేరేముందు వాళ్ళ ప్రభుత్వ సైటులో ప్రయాణ ఫారం మాత్రం నింపుకోవాలి. రీయూనియన్ సంగతి అలా కాదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మరి ఏ ఊళ్ళో దిగాలి? రీయూనియన్ ఎందుకు వద్దంటున్నారు? అది అసలు సిసలు ఫ్రాన్సే కదా?

జవాబు (హైదరాబాద్ నుంచి):
ముందు ఊరు చెప్తాను. జూలై అక్కడ చలికాలం. దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మన లెక్కకు తలకిందులు. ఆగ్నేయం నుంచి గాలి ఆగకుండా వీస్తుంది. తూర్పు, దక్షిణ తీరాలకు ఆ గాలి సూటిగా తగులుతుంది. ఉత్తరం, పడమర మరుగున ఉంటాయి. కనుక ఉత్తరాన పేరేబేర్ గానీ, వాయవ్యాన త్రూ ఓ బిష్ గానీ, పడమట ఫ్లిక్ ఆఁ ఫ్లాక్ గానీ ఎంచుకోండి. మేము రెండోసారి పేరేబేర్‌లో చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, వంటగదితో సహా రాత్రికి నాలుగున్నర వేలు మన రూపాయల్లో. సముద్రానికి ఐదు నిమిషాల నడక. బీచ్ వెంబడి మన సరుగుడు చెట్లే, వాటిని వాళ్ళు ఫిలావో అంటారు. ఆదివారం ఆ నీడలో కుటుంబాలు చాపలు పరుచుకుని, గిన్నెలు విప్పుకుని, సాయంత్రమయ్యేసరికి రావాన్ అనే డప్పు తీసి సెగా అనే అక్కడి పాటలు పాడతారు. మాకు ఆ దీవిలో దొరికిన అన్నిటికన్నా మంచి రోజు అదే. ఒక పైసా ఖర్చు కాలేదు. అక్కడ బీచ్‌లన్నీ ప్రజలవే. రిసార్టు ముందున్న ఇసుక మీద కూడా ఎవరైనా నడవొచ్చు, కాబట్టి ఖరీదైన గది తీసుకుంటేనే మంచి సముద్రం దక్కుతుందన్న భయం వద్దు.

ఇక రీయూనియన్. 1946 నుంచి అది ఫ్రాన్స్‌లో ఒక జిల్లాతో సమానం. యూరోలు, ఫ్రెంచి రోడ్లు, ఫ్రెంచి ధరలు. యూరప్ దేశాలకు ఇచ్చే షెంగెన్ వీసా ఉన్నా మామూలుగా అక్కడ చెల్లదు, రీయూనియన్ అని ప్రత్యేకంగా రాసిన వీసా కావాలి. నిప్పులు కక్కే కొండ, చుట్టూ లోయలు, నడక దారులు అద్భుతం. సముద్రం కోసం వెళ్ళేవాళ్ళకు మాత్రం సరిపడదు. సొరచేపల దాడుల వల్ల ఈత చాలాచోట్ల కట్టడి, పడమటి వైపు పగడపు దిబ్బల మాటున ఉన్న లగూన్లలో, లేదా కాపలా ఉన్న చోట్లే దిగాలి. మీకు సముద్రం కావాలన్నారు కాబట్టి వద్దంటున్నాను.

జవాబు (డాలస్ నుంచి):
గ్వాడలూప్ గురించి నేను చెప్తాను. అదీ, మార్టినీక్ అనే ఇంకో దీవీ కరీబియన్ సముద్రంలో ఉన్నాయి, అమెరికాలో ఉండేవాళ్ళకి దగ్గర. కాకినాడ నుంచైతే టికెట్లకే మీ బడ్జెట్ అయిపోతుంది. అక్కడా యూరోలే, అక్కడా వేరే వీసాయే. ఒక్క ముచ్చట చెప్పి వదిలేస్తాను. 1854 నుంచి మన దేశపు కూలీలను అక్కడికి కూడా తీసుకెళ్ళారు. వాళ్ళ వంటలో "కొలంబో" అనే కూర పొడి ఉంది, ధనియాలు, జీలకర్ర, పసుపు కలిపింది. రుచి చూడగానే ఇంటి పొడే అనిపించింది.

సీషెల్స్ అందంలో అన్నిటికన్నా మిన్న, కానీ గదుల ధరలు భరించలేం.

జవాబు (యానాం నుంచి):
ఫ్రెంచి, కూలీలు అన్న మాటలొచ్చాయి కాబట్టి మా ఊరి సంగతి చెప్పాలి. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. రీయూనియన్‌ను అప్పట్లో బూర్బోఁ అనేవాళ్ళు. 1820ల చివరే మా రేవు నుంచి తెలుగు కూలీలను అక్కడికి ఓడల్లో ఎక్కించారు. తర్వాత పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్‌కు వెళ్ళినవాళ్ళకు "కోరంగీలు" అనే పేరే పడింది. కాకినాడవారు కాబట్టి మీకు ఇది దగ్గరి మాట. రాజధాని పోర్ట్ లూయీలో అప్రవాసీ ఘాట్ తప్పకుండా చూడండి. 1849 నుంచి కూలీలు దిగిన రేవు అది. 2006లో యునెస్కో జాబితాలో చేర్చారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, బడుల్లో తెలుగు చెబుతారు. నైరుతి మూలన లె మోర్న్ కొండ ఉంది. చెరకు తోటల నుంచి పారిపోయిన ఆఫ్రికా బానిసలు అక్కడ దాక్కునేవారు. ఆ ఫ్రెంచి అందమంతా ఎవరి చాకిరీ మీద నిలిచిందో ఆ రెండు చోట్లా నిలబడితే అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కోరంగి సంగతి నిజంగా తెలియదండి, మా ఇంటికి గంట లోపే! ఇప్పుడు తిండి, ఖర్చు చెప్పండి. కారు అవసరమా?

జవాబు (హైదరాబాద్ నుంచి):
శాకాహారులకు అక్కడ లోటే లేదు. ధోల్ పూరీ అని వీధుల్లో అమ్ముతారు. శనగపప్పు పొడి లోపల పెట్టి పల్చగా చేసిన రొట్టె, తీపి లేని బొబ్బట్టు అనుకోండి. లోపల చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి, మిరప పచ్చడి. జత లెక్కన ఇస్తారు, మా కడుపు రెండు జతలతో నిండిపోయేది. ఇంకోటి గాతో పిమాఁ. పేరుకి ఫ్రెంచి, తింటే మన మసాలా వడ. దాన్ని వేడివేడిగా వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టి పొద్దున్నే తింటారు. ఫ్రాన్స్, మన ఊరు ఒకే ముద్దలో కలవడం నేను అక్కడే చూశాను. మాంసం కలిసిందేమో అనుమానముంటే "సాఁ వ్యాండ్" అనండి, మాంసం లేకుండా అని. చేపలకు వేరేగా చెప్పాలి.

ఖర్చు: మాకు హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా ఇద్దరికీ రానూపోనూ లక్షా పదిహేను వేలు. ముంబై నుంచి ఆరు గంటల ప్రయాణం. ఏడు రాత్రులకు గది ముప్ఫై రెండు వేల లోపు. విదేశీయులకు 2025 అక్టోబర్ నుంచి మనిషికి రాత్రికి 3 యూరోల రుసుము పెట్టారు, దానికి నాలుగైదు వేలు పక్కన పెట్టండి. తిండికి ఇరవై వేలు చాలు. వంటగది ఉంటే ఇంకా తగ్గుతుంది.

కారు మూడు రోజులకు తీసుకోండి. మనలాగే ఎడమవైపు నడుపుతారు. మిగతా రోజులు బస్సు. కాకపోతే పల్లెల వైపు సాయంత్రం ఆరు, ఏడు దాటితే బస్సు దొరకదు. టాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి.

ఆ మూడు రోజులు ఇలా వాడండి. ఒకరోజు పాంప్లెమూస్ తోట, దగ్గర్లో 1859 నాటి లాబూర్దొనే భవంతి. ఆ తోటలో కంచం అంచులాంటి ఆకులున్న పెద్ద కలువలు చూసి మా ఆవిడ గంటసేపు కదల్లేదు. ఒకరోజు నైరుతిన షామరెల్ రంగుల మట్టి, లె మోర్న్. ఒకరోజు మాయేబూర్. అది ఆగ్నేయాన విమానాశ్రయానికి పక్కనే ఉన్న పాత ఊరు, సోమవారం సంత జరుగుతుంది. 1810 ఆగస్టులో అక్కడి సముద్రంలో ఫ్రెంచి నౌకలు ఇంగ్లీషువాళ్ళను ఓడించాయి. ఆ విజయం పేరు పారిస్‌లో విజయ తోరణం మీద చెక్కి ఉంది. మీరు వెళ్ళలేని పారిస్‌కు అదొక దారి అనుకోండి. చివరి రాత్రి అక్కడే దిగితే పొద్దున్న విమానానికి పది, పదిహేను నిమిషాల్లో చేరొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. పేరేబేర్‌లో ఐదు రాత్రులు, మాయేబూర్‌లో రెండు అని తేల్చేసింది. ఇప్పటినుంచే పొద్దున లేవగానే నన్ను బోఁజూర్ అనమంటోంది. రేపు ఆదివారం ముందుగా కోరంగి వెళ్ళి ఆ పాత రేవు చూసి వస్తాం.