సమస్య: హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇది (ఱేఁడు అంటే రాజు). దీన్ని నాలుగో పాదంగా పెట్టి ఆటవెలది పూరించండి. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉండి కూడా హిరణ్యకశిపుడు తల్లి దితికి వేదాంతం చెప్పి ఓదారుస్తాడే, ఆ ఘట్టం చదువుతుంటే తట్టింది. అంత తెలిసినవాడు అట్లా ఎందుకయ్యాడబ్బా అని ఆలోచిస్తూ కూర్చుంటే సాంబారు చల్లారిపోయింది. అయితే హిరణ్యకశిపుణ్ణి మాత్రం తేవద్దు. పదిమందిలో తొమ్మిదిమంది అక్కడికే పోతారు. గడువు ఆదివారం రాత్రి. పుత్తూరు కట్టు గారూ, తోతాపురి గారూ, పోయినసారిలా కొట్టుకోవద్దని ముందే దండం పెడుతున్నా.

కపిలతీర్థం:

సవతు లిడిన విసము చంటిబిడ్డనుఁ జంప
చిత్రకేతు వేడ్చె శిశువుఁ గాంచి;
శివుని నవ్వి దేవిచేత శాపముఁ బొందె;
హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె.

భాగవతం ఆరో స్కంధం, ఆ శాపంతో వృత్రాసురుడై పుట్టిన చిత్రకేతు రాజు కథ. పోతన గారి పేరు మీద చదివేసుకుంటాం గానీ, తెలుగులో ఈ స్కంధం ఏర్చూరి సింగన గారిది. ఆయనకూ ఒక నమస్కారం పడేయండి.

పుత్తూరు కట్టు:
మాస్టారూ, ఎముకలన్నీ చోటునే ఉన్నాయి, కట్టు అక్కర్లేదు. 'శివుని నవ్వి' అన్న పాత వాడుక నాకు భలే నచ్చింది. కానీ మూడు పాదాలు చకచకా కథ చెప్పేసి నాలుగో పాదం దగ్గర చేతులెత్తేశాయి. విషం పెట్టింది సవతులు, నవ్వింది శివుణ్ణి చూసి, శపించింది పార్వతి. మధ్యలో హరి ఏం చేశాడు? సమస్య గాలిపటం తోకలా వేలాడుతోంది.

కపిలతీర్థం:
నారదుడిచ్చిన విద్య ఏడు రాత్రులు జపించి విద్యాధరపతి అయ్యాడు. ఆదిశేషుడి రూపంలో ఉన్న హరిని కళ్ళారా చూశాడు. అంత చూసినవాడు గనుకే కైలాసంలో నోరు జారాడు. అది చదివేవాడికి తెలియదా?

పుత్తూరు కట్టు:
తెలిసినవాడికి పద్యం దేనికండీ? పద్యంలో లేని అన్వయాన్ని కింద వచనంలో పెట్టొద్దని నాకు నేర్పింది మీరే.

తోతాపురి (చిత్తూరు):

కొడుకుఁ గావు మంచుఁ గోటి దీపము లిడెఁ;
గొడుకు పోయెను; గుండె గుల్ల యయ్యె;
గుడులఁ గూల్చె; ధర్మగుణమును విడనాడె;
హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె.

ఇది ఏ పురాణమూ కాదు, నా సొంత రాజు. గుడి మీద కోపం మొక్కుకున్నవాడికే వస్తుంది. మొక్కనివాడికి దేవుడితో తగాదా ఏముంది? అన్వయం కూడా పద్యంలోనే ఉంది, వెతుక్కోండి.

పుత్తూరు కట్టు:
వెతికాను. అన్వయం దొరికింది, దాంతోపాటు ఇంకొకటి కూడా. రెండో పాదం, రెండో గణం, 'పోయెను'. ఆటవెలదిలో ఆ పాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి, ఒక్క అక్షరం ఎక్కువై ఇది ఇంద్రగణమైంది. ఐదుగురు సూర్యులు కాపురముండే ఇంట్లోకి ఇంద్రుడు దూరాడు. పరాయి ఇంట్లో దూరడం ఆయనకు కొత్త కాదనుకోండి, కానీ తలుపు తీసింది మీరు.

ఒక్క అక్షరమే కదా అంటారేమో. ఈ కథలోనే ఉంది జవాబు. త్వష్ట తన కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో హోమం చేస్తూ 'ఇంద్రశత్రో వివర్ధస్వ' అన్నాడు. అక్షరం కూడా తప్పు కాదు, ఒక్క స్వరం జారింది. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలనుకుంటే, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు. ఆ పుట్టినవాడే వృత్రుడు, మాస్టారు గారి చిత్రకేతువు.

తోతాపురి:
ఆహా! ఎవరు చెబుతున్నారో చూడండి సామీ. ఉగాది సమస్యకు కందంలో 'మఱుపు'లోని బండి ఱకూ 'కరుణ'లోని మామూలు రకూ ప్రాస కలిపిన మహానుభావుడు! అడిగితే 'పలకడంలో తేడా లేదు కదా' అన్నారు. ఈ వారం పాదంలో 'ఱేఁడె' చూడగానే మీకు టెన్షన్ వచ్చి ఉంటుంది. అందుకే మీరింకా పద్యం వేయలేదు.

పుత్తూరు కట్టు:
ఆ 'మఱుపు' ఆ రాత్రే సవరించాను. మీ 'ను' ఇంకా అక్కడే ఉంది.

నిర్వాహకుడు:
ఉగాది పచ్చడి ఇక్కడ వద్దు.

భారతం మిట్ట:
అన్నలకు నమస్కారం. మొదటిసారి వేస్తున్నా, తిట్టకండి.

వీధి భాగవతము వేసెడు తఱి, రంగు
పెట్టెతోడ వచ్చు పిల్లఁ డతఁడు;
ధర్మరాజు వేషధారి మోమున నల్పు!
హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె.

కపిలతీర్థం:
ఓరి నీ దుంపతెగ! మనవరాలు పరిగెత్తుకొచ్చింది, తాతకేమైందోనని. అంత నవ్వాను.

పుత్తూరు కట్టు:
హరి అంటే రంగులు పూసే కుర్రాడా! ఎన్నేళ్ళకు విన్నాను ఇట్లాంటి పూరణం. హరి అంటే సింహం, కోతి, సూర్యుడు, ఇంద్రుడు అని నేను నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే, ఈయన మేకప్ పెట్టె పట్టుకుని వచ్చేశాడు. వేషం వేసినవాడూ రాజే, రంగు మారితే రాక్షసుడే. విరుపు లేదు, సాగదీత లేదు. నాయనా, నిజంగా జరిగిందా?

భారతం మిట్ట:
జరిగింది అన్నా. మా పక్క ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం. పగలు హరికథ, రాత్రి కూత్తు, అదే వీధినాటకం. రంగులు కలిపేవాడు ఆ పొద్దు నిద్రమత్తులో బొగ్గుపొడి కలిపిన గిన్నె అందించాడు. ధర్మరాజు అద్దం చూసుకోకుండా తెర వెనక నుంచి వచ్చేశాడు. భీముడు వంగి దండం పెట్టబోయి, ముఖం చూసి, గద కింద పడేసి నవ్వాడు. ఆడవాళ్ళ వరసలో ఒక అవ్వ మాత్రం 'బకాసురుడు ఈ పొద్దే వచ్చేసినాడే' అనింది. ఆ కుర్రాడి పేరు హరి కాదులే, అది నేను కలిపినా.

తోతాపురి:
పుత్తూరు గారు ఇంత మెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ కొత్త పేరు వెనక ఆయనే లేరని కాణిపాకం గుళ్ళో ప్రమాణం చేయమనండి.

పుత్తూరు కట్టు:
చేస్తా. కోనేట్లో మునిగి మరీ చేస్తా. బస్సు చార్జీ మీది.

మాడవీధి:
నేను పద్యం వేసి చాలా నెలలైంది. తోతాపురి తమ్ముడి పద్యం దగ్గర ఒక మాట చెప్పాలనిపించింది. గణాల సంగతి కాదు.

మా ఆయన పోయినప్పుడు ఏడాది దాకా కొండ ఎక్కకూడదన్నారు. సరేనన్నాను. ఏడాది అయ్యాక కూడా ఇంకో ఏడాది ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే కాళ్ళు రాలేదు. అంతకుముందు ఇద్దరం అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి వెళ్ళేవాళ్ళం. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయన ఆగి నా సంచి కూడా తీసుకునేవారు. వంటింటి కిటికీ తెరిస్తే ఆ కొండే. చాన్నాళ్ళు ఆ రెక్క మూసే ఉంచాను. దుఃఖంలో ఉన్నవాళ్ళకు గుడి కూల్చేంత ఓపిక ఉండదు తమ్ముడూ. అటు చూడడం మానేస్తారు, అంతే.

చిత్రకేతువు కథ నాకు ఆ రోజుల్లో ఎవరో చదివి వినిపించారు. శవం దగ్గర నారదుడు ఆ బిడ్డ జీవుణ్ణి పిలిస్తే, 'ఎన్నో జన్మలెత్తాను, వీళ్ళు ఏ జన్మలో నా తల్లిదండ్రులు?' అంటుంది చూడండి, అక్కడ నాకు కోపం వచ్చింది. అంత మాట చెప్పడానికా పిలిచింది? తర్వాత ఇంద్రుడితో యుద్ధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ రాజు మీద గౌరవం కలిగింది.

వజ్ర మెత్తి వచ్చు వాసవుఁ గని నవ్వె
మేను పోయినంత మేలె యనుచు;
చిత్రకేతు వితఁడె; చెడలేదు భక్తియే;
హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె.

కపిలతీర్థం:
అమ్మా, నా పద్యం వెనక్కి తీసుకుంటున్నాను. శివుణ్ణి చూసి నవ్విన నవ్వు నేను రాశాను. వజ్రాన్ని చూసి నవ్విన నవ్వు మీరు రాశారు. రెండూ ఒకడివే అని నాకు తట్టనే లేదు.

పుత్తూరు కట్టు:
అక్కా, 'భక్తియే'లో ఏకారం పాదం నింపడానికి వచ్చిందా అని ఒక నిమిషం ఆగాను. కాదు. రాజ్యం చెడింది, రూపం చెడింది, చెడనిది అదొక్కటే. ఉండాల్సిందే.

యుద్ధం అంటే గుర్తొచ్చింది. ఇంద్రుడి చేతిలోంచి వజ్రాయుధం జారి వృత్రుడి కాళ్ళ దగ్గరే పడుతుంది. ఇంద్రుడు సిగ్గుపడి నిలబడితే, 'తీసుకో, ఇది దిగులుపడే సమయం కాదు' అంటాడు వృత్రుడు. తోతాపురి గారూ, నేనూ అదే అంటున్నాను. జారింది ఏరుకోండి, మీ పద్యంలో సరుకుంది.

తోతాపురి:
దీన్ని మెచ్చుకోలు అంటారా సామీ? సరే. 'ను' ఏరేశాను, ఇంద్రుణ్ణి గడప దాటించాను. అక్క మాట విన్నాక గుడులు కూడా కూల్చలేకపోయాను. మూడో పాదమూ మార్చా.

కొడుకుఁ గావు మంచుఁ గోటి దీపము లిడెఁ;
గొడుకు పోయె; గుండె గుల్ల యయ్యె;
గుడికిఁ బోవఁ డతఁడు; గుడిగంట వినలేఁడు;
హరిని నమ్మి ఱేఁడె యసురుఁ డయ్యె.

మాడవీధి:
గుడిగంట వినలేఁడు. అవును తమ్ముడూ.

భారతం మిట్ట:
అన్నా, ఇది ముందుదానికన్నా బాగుంది.

పుత్తూరు కట్టు:
బాగుంది. చాలా బాగుంది. కానీ గుడికి పోనంత మాత్రాన అసురుడెట్లా అయ్యాడు? ముందు గుడులు కూల్చినప్పుడు అన్వయం ఉండేది, ఇప్పుడు నాలుగో పాదం మళ్ళీ...

తోతాపురి:
పోయి పడుకోండి సామీ.