లంబసింగి మంచుని ఇంగ్లీషులో స్నో అనొచ్చా?

సీతమ్మధార అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా పాప ఆరో తరగతి. సంక్రాంతి సెలవుల్లో లంబసింగి వెళ్లొచ్చాం. దాని మీద ఇంగ్లీషులో ఒక పేజీ రాయమంటే "లంబసింగిలో స్నో పడింది, మేం స్నోలో నడిచాం" అని రాసింది. టీచరు గారు స్నో అన్న చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ఫాగ్ అని రాశారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు, "మంచు అంటే స్నో అని నువ్వేగా అమ్మా చెప్పావు" అని. నిజమే, చిన్నప్పుడు బొమ్మల పుస్తకంలో అలాగే చూపించి చెప్పాను. అసలు ఈ స్నో అనే మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, కాస్త వివరంగా చెప్పండి. మా అమ్మమ్మ ముఖానికి రాసుకునేదాన్ని కూడా స్నో అనేది, అదీ ఇదేనా?

మద్దిలపాలెం మాస్టారు:
టీచరు గారు దిద్దింది కరెక్టేనమ్మా, అలాగని పాపను తప్పుపట్టడానికీ లేదు. మనం మంచు అనే ఒక్క మాటతో నాలుగైదు సంగతులు చెప్పేస్తాం. "బయట పడుకోకు, మంచు కురుస్తుంది" అంటే అది డ్యూ. జనవరి పొద్దున్నే ఎయిర్‌పోర్టులో ఫ్లైట్లు లేటయితే "మంచు పట్టేసింది" అంటాం, అది ఫాగ్, మన పొగమంచు. అందులోనూ ఒక లెక్క ఉంది, కిలోమీటరు లోపు దూరమే కనబడితే ఫాగ్, అంతకంటే ఎక్కువ కనబడితే మిస్ట్. ఊళ్లో రైతులు "మంచుకి జీడి పూత మాడిపోయింది" అంటే అది కూడా పొగమంచో, రాత్రి పడే తేమో తప్ప స్నో కానే కాదు.

స్నో అంటే ఆకాశం నుంచి పడాలి. మబ్బులో ఉన్న ఆవిరి నీటిబొట్టు కాకుండా నేరుగా చిన్న చిన్న స్ఫటికాలుగా పేరుకుని, అవి ఒకదానికొకటి అతుక్కుని దూదిపింజల్లా కిందికి దిగుతాయి, అదీ స్నో. హార్బర్‌లో బోట్లకి ఎక్కించే దిమ్మలు ఐస్. ఆ ఐసుని ఎంత పొడి కొట్టినా స్నో అవదు, ఎందుకంటే అది నీళ్లు గడ్డకట్టి అయినది. ఇక ఫ్రాస్ట్ అంటే ఏంటో చూపించాలంటే పాపకి ఇంట్లో ఫ్రిజ్ తెరిచి చూపించండి. పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలకి తెల్లగా పేరుకుంటుంది కదా, అది పోవడానికే డీఫ్రాస్ట్ బటన్ పెట్టారు.

వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోమనండి. స్నోని లెక్కపెట్టరు, అందుకని "ఎ స్నో" అని రాయకూడదు, ఒక్క రేకుని చెప్పాలంటే స్నోఫ్లేక్ అనాలి. "వాన పడుతోంది"కి ఇట్ ఈజ్ రైనింగ్ అన్నట్టే ఇట్ ఈజ్ స్నోయింగ్.

పాడేరు రైడర్:
మాస్టారు చెప్పింది కరెక్టు. మాది ఆ పక్కనే, లంబసింగిని మావాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు, రాత్రి ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరు. చలి బాగా ముదిరిన రోజుల్లో పొద్దున్నే గడ్డి మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు ఉండేది, చెప్పుల కింద కరకరలాడేది. అది ఫ్రాస్ట్. స్నో పడటం మాత్రం నా ఎరికలో ఒక్కసారి కూడా చూడలేదు.

సీతమ్మధార అమ్మ:
చాలా థాంక్సండి ఇద్దరికీ. పాపకి చదివి వినిపించాను. ఇప్పుడు దాని ప్రశ్న, అంత చలి ఉన్నప్పుడు స్నో ఎందుకు పడదు అని. నా దగ్గర జవాబు లేదు.

గాజువాక గణేష్:
మంచి ప్రశ్న అడిగింది పాప. లంబసింగి సముద్రమట్టానికి ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తు, అంతే. అక్కడ చలి ముదరాలంటే ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి ఆడకూడదు, అప్పుడే నేల పగలు పట్టిన వేడంతా రాత్రి పైకి వదిలేసి చల్లబడుతుంది. మబ్బు పట్టిందా, దుప్పటి కప్పినట్టయి ఆ వేడి పోదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నప్పుడు ఏజెన్సీలో చలి తగ్గేది అందుకే. మరి స్నో పడాలంటే మబ్బు ఉండి తీరాలి! పైగా ఆ మబ్బు నుంచి నేల దాకా గాలంతా ఇంచుమించు గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. మన దగ్గర ఈ రెండూ ఒకేసారి కుదరవు.

అమ్మమ్మ గారి స్నో సంగతి ఎవరూ చెప్పలేదు. అది రాయగానే తెల్లగా కనబడి తర్వాత చర్మంలో కలిసిపోయే క్రీము, ఆ తెలుపుని బట్టి వచ్చిన పేరు. అఫ్గాన్ స్నో ఆ రోజుల్లో బాగా తెలిసిన పేరు, అందుకే మన ఇళ్లలో "స్నో పౌడర్లు" అని జంటగా అనేవాళ్లు.

ఇంకా ఉన్నాయి. యాంటెన్నా సరిగా లేకపోతే టీవీలో చుక్కలు వచ్చేవి కదా, ఇంగ్లీషులో అదీ స్నోనే. ఆఫీసులో ఎవరైనా స్నోడ్ అండర్ అని మెయిల్ పెడితే పనిలో కూరుకుపోయి ఊపిరాడట్లేదని. స్నోబాల్ అనేదాన్ని క్రియగా వాడితే అచ్చంగా మన "చిలికి చిలికి గాలివాన". వాళ్లకి కొండ మీంచి దొర్లే మంచు ముద్ద, మనకి గాలివాన, ఎవరు చూసింది వాళ్ల మాటలోకి వచ్చింది, నాకు భలే ఇష్టం ఈ పోలిక.

సీతమ్మధార అమ్మ:
ఎంత ఓపిగ్గా చెప్పారండీ. చివరిగా ఒకటి, మేం వెళ్లిన రోజు గడ్డి మీద ఉన్నది డ్యూనా, ఫ్రాస్టా అని పాప పట్టుబట్టింది.

పాడేరు రైడర్:
ఫోటోలు ఉంటే చూడండి అక్కా. బొట్లుగా మెరుస్తుంటే డ్యూ, గరుకుగా తెల్లగా పొడిలా ఉంటే ఫ్రాస్ట్.

సీతమ్మధార అమ్మ:
చూశాం. స్ట్రాబెర్రీ తోటలో తీసిన ఫోటోలో ఆకుల అంచున బొట్లు బొట్లుగా ఉంది. డ్యూ. రోడ్డు మీద ఫాగ్. రెండూ పెట్టి పేజీ మళ్లీ రాస్తోంది.