ప్యానెల్ వచ్చాక పిల్లలు చురుకయ్యారా, చూస్తూ కూర్చుంటున్నారా?

కావలి_లెక్కలసార్:
మా హైస్కూల్ గదుల్లో పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే ముట్టుకుంటే పనిచేసే పెద్ద టీవీ లాంటి తెరలు, పెట్టారు. మొన్న మీటింగ్‌లో ఒకాయన "ప్యానెల్ ఆన్ చేస్తే చాలు, పిల్లలు కదలకుండా వింటారు" అన్నారు. నా అభ్యంతరం ఆ కదలకపోవడం మీదే. వీడియో ఆపి ప్రశ్న వేస్తే, ఎప్పుడూ చేతులెత్తే ముందు బెంచీ వాళ్లే మళ్లీ ఎత్తుతున్నారు. మరి మారిందేంటి?

ఉదయగిరి_ఫిజిక్స్:
సార్, వీడియోలను చూసి ప్యానెల్‌నే తప్పుపట్టకండి. నేను ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ఉత్తుత్తి ప్రయోగాలు, వాడతాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి, ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. శ్రేణి సంధానంలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఇంకో బల్బు కలిపితే వెలుతురు పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు నోట్సులో రాయాలి, ఆ తర్వాతే తెర ముట్టుకోవాలి. రాసిన వాడు ఊరుకోడు, తన జవాబు కోసం పక్కవాడితో తగువు పడతాడు. షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీద బ్యాటరీ మండుతుంది, ఆ మంట కోసం వెనక బెంచీ కూడా లేచి వస్తుంది. మా ల్యాబ్‌లో ఎన్ని అమ్మీటర్లు పనిచేస్తున్నాయో మాత్రం అడక్కండి.

కొండాపురం_అమ్మ:
మా వాడు తొమ్మిది చదువుతున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే "సార్ గ్రూపులో పాఠం పెట్టారు" అని నా ఫోన్ లాక్కుంటాడు. పాఠం ఐదు నిమిషాలు, రీల్స్ గంట. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. వాళ్ల నాయన పనికి పట్టుకుపోతే అదీ లేదు. బడిలో ఏం చూపించుకుంటారో చూపించుకోండి గానీ, హోంవర్కు పుస్తకంలోనే ఇవ్వండయ్యా.

ఒంగోలు_బీఎడ్:
మేడమ్ చెప్పింది నిజమే. బడిలో అయితే కహూట్ లాంటి క్విజ్ పెట్టొచ్చు కదా? ట్రైనింగ్‌లో మేమే ఆడాం, భలే ఊపు వచ్చింది.

కావలి_లెక్కలసార్:
తమ్ముడూ, దానికి జట్టుకొక ఫోనన్నా కావాలి. పైగా మామూలుగా త్వరగా నొక్కిన వాడికే ఎక్కువ పాయింట్లు. లెక్క చేయడానికి కాగితం తీసిన పిల్ల వెనకబడుతుంది, ఊహించి కొట్టిన వాడు పైకెక్కుతాడు. అంతకన్నా ప్లికర్స్ అనే యాప్ నయం. ఫోన్ టీచర్ దగ్గర ఒక్కటుంటే చాలు. పిల్లల చేతిలో ప్రింట్ తీసిన కార్డు ఉంటుంది. దాన్ని ఏ వైపు తిప్పి పట్టుకుంటే అది జవాబు, టీచర్ ఫోన్ కెమెరా దాన్ని చదివి దాచుకుంటుంది. ఒక్కొక్కరి కార్డు ఒక్కో రకం కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కష్టం. (ఎ+బి) వర్గం ఎంత అని అడిగితే, 'అర్థమైంది సార్' అని కోరస్ పాడిన వాళ్లలో చాలామంది 2ఎబి వదిలేసిన జవాబే చూపించారు.

మార్కాపురం_రిటైర్డ్:
దీనికి యాప్ దేనికి నాయనా? మా ఊరి పలకలకు దేశమంతా పేరుంది. "రాసి ఎత్తండ్రా" అంటే గదిలో ప్రతి జవాబూ కనపడేది. కరెంటు పోయినా ఆగేది కాదు.

ఉదయగిరి_ఫిజిక్స్:
పెద్దాయనతో నేను సగం ఏకీభవిస్తాను. మా చిన్న తరగతులకు పలకే మేలు. హాజరు, భోజనం ఫొటోలంటూ ఇప్పటికే యాప్‌లతో సతమతమవుతున్నాం, ఇంకోటి నెత్తికెత్తుకోవాలంటే టెన్షనే.

కావలి_లెక్కలసార్:
పలకకు దండమే సార్, కానీ చెరిపాక ఎవరు ఏం రాశారో ఉండదు. కార్డుల జవాబులు రాత్రి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మర్నాడు ఆ 2ఎబి వదిలేసిన పిల్లలనే దగ్గర కూర్చోబెట్టుకుని, చతురస్రం గీయించి, ముక్కలు కోయించి చెప్పాను. ఆ పీరియడంతా ప్యానెల్ ఆఫ్‌లోనే ఉంది.

ఒంగోలు_బీఎడ్:
ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన వాళ్లు ప్యానెల్ ఎందుకు ఆపారని అడిగితే ఏం చెప్పారు సార్?

కావలి_లెక్కలసార్:
ఆ కోసిన ముక్కలు చేతిలో పెట్టి, పిల్లల్ని అడగమన్నాను.