ట్రీట్‌మెంట్ అయిపోయింది, "మూడు నెలలకి రండి" అన్నారు. ఈలోపు ఎవరిని అడగాలి?

గాలిపటం:
అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో, ఎడమ వైపు రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని తగ్గించే మాత్ర) ఒక్కటే. ఆఖరి రోజు చీటీ మీద "రివ్యూ 3 నెలలు" అని రాసిచ్చారు, అంతే. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు చూస్తూనే ఉండేవారు. ఇప్పుడు అమ్మ నడుం నొప్పి అన్నా నాకు టెన్షనే. అది ఫ్యామిలీ డాక్టరుకు చెప్పాలా, క్యాన్సర్ చూసే ఆంకాలజిస్టుకా? బంధువులేమో ఏటా పెట్ స్కాన్ (ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో చూసే స్కాన్) తీయించమంటున్నారు. ఈ దశ దాటినవాళ్లు ఎలా ప్లాన్ చేసుకున్నారో చెప్తారా?

పాతఫైలు:
నాది పెద్దపేగు క్యాన్సర్. నన్నడిగితే అన్నిటికంటే ముందు ట్రీట్‌మెంట్ సమ్మరీ రాయించుకోండి. డిశ్చార్జి సమ్మరీలు మీ దగ్గర కట్టలుగా ఉండే ఉంటాయి, నేననేది అవి కాదు. మొత్తం కథ ఒకటి రెండు పేజీల్లో ఉండాలి. ఏ రకం క్యాన్సర్, ఏ స్టేజి, బయాప్సీలో ఈఆర్, పీఆర్, హెర్2 (రొమ్ము గడ్డకి ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్షలు) ఏమొచ్చాయి, ఆపరేషన్‌లో ఏం తీశారు, కీమోలో ఏ మందులిచ్చారు, ఒక్కో మందు మొత్తం ఎంత ఎక్కింది, రేడియేషన్ ఎక్కడ, ఎన్ని గ్రే (రేడియేషన్ డోసు కొలత).

మొత్తం డోసు ఎందుకంటే, డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందు గుండె కండరాన్ని దెబ్బతీయగలదు. కలిపి చూస్తే, ఒంటి వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు 250 మి.గ్రా. దాటినవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. ఎడమ వైపు రేడియేషన్ కూడా తోడైతే ఇంకొంచెం పెరుగుతుంది. పదేళ్ల తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చిందనుకోండి, అప్పుడు చూసే గుండె డాక్టరుకి ఈ లెక్క ఎవరు చెప్తారు? అప్పటికి ఆంకాలజిస్టు మారిపోయి ఉండొచ్చు, ఆసుపత్రి రికార్డులు దొరక్కపోవచ్చు.

ట్రీట్‌మెంట్ ముగిసిన ప్రతి ఒక్కరికీ ఇలాంటి సమ్మరీ, ముందు ముందు ఏం చేయాలో ప్లానూ రాసివ్వాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే చెప్పింది. చేతికి వచ్చేది మాత్రం అడిగినవాళ్లకే. అడగనిదే అమ్మైనా పెట్టదు.

తులసికోట:
అడిగితే విసుక్కుంటారేమో అన్నా. ఓపీలో మన వంతు వచ్చేసరికే ఆయన వాచీ చూసుకుంటుంటారు.

పాతఫైలు:
అందుకే ఖాళీ కాగితంతో వెళ్లకూడదమ్మా. తెలిసినంతా మీరే నింపి, ఖాళీలు వదిలి, "ఇవి పూర్తి చేసి సంతకం పెట్టండి డాక్టర్ గారూ" అనండి. డోసుల లెక్క కీమో ఎక్కించిన డే కేర్‌లో చార్టు మీద ఉంటుంది. రేడియేషన్ వివరాలు ఆ విభాగంవాళ్లు విడిగా ఇస్తారు.

అదే కాగితం వెనక ఇంకో పట్టీ: ఏ పరీక్ష, ఎప్పుడు, ఎవరు రాస్తారు. నాకైతే సీఈఏ (పేగు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే) రక్తపరీక్ష, స్కాన్ ఆంకాలజిస్టు చూస్తారు. కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూడడం) ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకటి, అది బాగుంటే మూడేళ్లకి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. అది గ్యాస్ట్రో డాక్టరు పని. బీపీ, షుగరు, ఏటా ఫ్లూ టీకా ఫ్యామిలీ డాక్టరు. "ఎవరు" అనే గడి ఖాళీగా ఉంటే ఆ పరీక్ష జరగదు, ఒకరి మీద ఒకరు వదిలేస్తారు.

నీలిగోరింట:
గాలిపటం గారూ, పెట్ స్కాన్ సంగతి. నాదీ రొమ్ము క్యాన్సరే. ఏ లక్షణమూ లేనప్పుడు ఊరికే పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్షలు) చేయించమని గైడ్‌లైన్స్ చెప్పవు. చేయించినందువల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు, పైగా ఏదో చిన్న మచ్చ కనబడితే మళ్లీ బయాప్సీ, మళ్లీ నిద్రలేని రాత్రులు. మామూలుగా మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్షించడం, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏటా. ఏడాదికోసారి మామోగ్రామ్. ఇంతే.

లెట్రోజోల్ ఎముకల్ని పలచబరుస్తుంది కాబట్టి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ గురించి తప్పక అడగండి. కీళ్ల నొప్పులు కూడా ఆ మాత్రతో మామూలే, అలాగని తనంతట తాను మానేయకుండా చూసుకోండి. అదే లెట్రోజోల్ బదులు టామాక్సిఫెన్ వాడేవాళ్లయితే, నెలసరి ఆగిపోయాక ఏ కాస్త రక్తం కనబడినా వెంటనే చెప్పాలి.

నడుం నొప్పికి నేను పెట్టుకున్న గీత: కొత్తగా వచ్చి, రెండు వారాలైనా తగ్గకపోతే ఆంకాలజిస్టుకి ఫోన్. కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం ఉంటే ఆగేది లేదు, అదే రోజు ఎమర్జెన్సీకి.

గళంమారింది:
గొంతు క్యాన్సర్‌కి మెడ మీద రేడియేషన్ తీసుకున్నవాళ్లకి ఒక్క మాట. కిందటేడు దవడ పన్ను కదులుతోందని వెళ్తే, పళ్ల డాక్టరు కుర్చీలో వాల్చి, ఇంజెక్షన్ చేతిలోకి తీసుకున్నాక "పీకేస్తే సరిపోతుంది" అన్నాడు. ఆగమని చెయ్యి అడ్డం పెట్టి నా కాగితం చూపించాను. దవడకి పడిన గ్రే లెక్క చూసి సిరంజి ట్రేలో పెట్టేసి, మా రేడియేషన్ డాక్టరుకి ఫోన్ కలిపాడు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకి రక్తప్రసారం తగ్గి ఉంటుంది, పన్ను తీసిన చోట పుండు మానక ఎముకే చచ్చుబడొచ్చు. ఈ ప్రమాదం ఏళ్లు గడిచినా పోదు. థైరాయిడ్ కూడా మెల్లగా మందగిస్తుంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) 6 నుంచి 12 నెలలకోసారి చూపించుకోవాలి. నీరసం, ఒళ్లు రావడం వయసు వల్ల అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

చలివేళ్లు:
ఆక్సాలిప్లాటిన్ కీమో ఎక్కినవాళ్లున్నారా? మందు ఆపాక తిమ్మిర్లు తగ్గాలి కదా, నాకు పెరిగాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూస్తూ పెట్టుకోవాల్సి వస్తోంది.

పాతఫైలు:
ఉన్నాను తమ్ముడూ. ఆపిన కొన్ని నెలల దాకా పెరిగి, తర్వాత నెమ్మదిగా దిగుతాయి, కొందరికి కొంత మిగిలిపోతుంది. నొప్పి కూడా ఉంటే డ్యులాక్సెటిన్ అనే మందు గురించి అడుగు. స్నానం నీళ్లు వేళ్లతో కాదు, మోచేత్తో చూసుకో, వేళ్లకి వేడి సరిగా తెలియదు.

తులసికోట:
నాకు పరీక్షల కన్నా వాటి ముందు వారం కష్టం. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరి మీదా అరుస్తాను. మా ఆంకాలజిస్టుకి చెప్తే కౌన్సెలర్ దగ్గరికి పంపారు, కాస్త నయం. "అంతా అయిపోయింది కదా, సంతోషంగా ఉండు" అనేవాళ్లని మాత్రం ఇంకా భరించలేకపోతున్నాను.

గాలిపటం:
అందరికీ థాంక్స్. నిన్న కూర్చుని కాగితం నింపాను. డాక్సోరుబిసిన్ ఉంది, మొత్తం ఎంతో రేపు డే కేర్‌లో అడుగుతా, ఎకో (గుండె స్కాన్) సంగతి కూడా. ఇంకొకటి: అమ్మకి ఛాతీలో కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టింది) అలాగే ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

నీలిగోరింట:
అది పట్టీలో అన్నిటికంటే పైన రాయండి. వాడకపోయినా మధ్యమధ్య ఫ్లష్ చేయించాలి (సెలైన్‌తో గొట్టం కడిగించాలి), లేకపోతే మూసుకుపోవచ్చు. ఎన్ని వారాలకో ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఉంచాలా, తీసేయాలా అన్నది మూడు నెలలు ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. పోర్ట్ ఉన్న చోట ఎర్రబడినా, జ్వరం వచ్చినా, ఆ వైపు చెయ్యి వాచినా మాత్రం ఫోన్ కాదు, నేరుగా తీసుకెళ్లిపోండి.