మలుపు దగ్గర ఆగిపోతున్న ముధోల్ కుక్కపిల్ల: ఏం చేయాలి?

మా దగ్గర 9 నెలల ముధోల్ జాతి వేటకుక్క, ఆడది ఉంది. తాతల కాలంలో వీటిని చెవులపిల్లి వేటకు తీసుకెళ్లేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడది నేరం, నాకా టెన్షన్ వద్దు. అందుకే అది వెంటపడి పరుగెత్తేలా పొడవాటి తాడుకు తెల్ల ప్లాస్టిక్ సంచి కట్టి, కోత అయిపోయిన చేలో చిన్న మోటారుతో లాగిస్తున్నా.

సంచి కదిలితే చాలు, బాణంలా దూసుకెళ్తుంది. సంచి మలుపు తిరగగానే మాత్రం ఆగిపోయి, నాలుక బయటపెట్టి నా వైపు చూస్తుంది. నిన్న అక్కడే జారి ముందుకాలి గోరు చీలింది. పసుపు రాసి కట్టు కట్టాను, ఇంకా కుంటుతోంది.

ఎముకలు గట్టిపడకముందే మలుపులు మొదలుపెట్టి తప్పు చేశానా? అనుభవమున్న కుక్కతో జతగా వదిలితే నేర్చుకుంటుందా? ఇంకోటి, గట్టు మీద నిజం చెవులపిల్లి లేస్తే నా పిలుపు మా కుక్క చెవికెక్కదు. పెంచినవాళ్లు చెప్పండి అన్నా.