పినియన్ లోతు: చెక్కిన అంకెనా, రంగు ముద్రా?

షిమ్‌పెట్టె: రేస్ కారు గేర్‌బాక్స్ విప్పి మళ్లీ కడుతున్నాను. పినియన్ (క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పే చిన్న గేర్) ముఖం మీద చెక్కిన దూరానికి షిమ్‌లు (దూరం సర్దే పలుచని రేకులు) సరిపెట్టి, పళ్లకు రంగు పూసి తిప్పితే ముద్ర పంటి అడుగున, మొదలు దగ్గర పడుతోంది. 0.10 మి.మీ. వెనక్కి జరిపితే మధ్యలోకి వస్తోంది. ఏది నమ్మను?

మైక్రోమీటర్: అంకెనే. క్రౌన్ వీల్ అక్షం నుంచి పినియన్ ముఖం ఎంత దూరంలో ఉండాలో ఆ జతను టెస్టర్ మీద తిప్పి చూసి మరీ చెక్కుతారు. రెండింటి మీదా జత నంబర్ ఒకటేనా, ముందు అది చూడండి. చేత్తో తిప్పితే పడే ముద్రకు లోడ్ ఎక్కడిది? ఒకసారి రంగును నమ్మి కట్టించుకుంటే రెండో రేసులోనే పళ్లు రాలి, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి ముళ్లలా అతుక్కుని వచ్చాయి. కట్టినవాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు.

నీలిరంగు: ఆ పళ్లు ఎందుకు రాలాయో తేలిందా? బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య వదిలే ఖాళీ, ఎంత పెట్టారో చెప్పకుండా తప్పంతా రంగు మీదికి నెట్టేస్తే ఎలా? పినియన్ జరిపినప్పుడల్లా బ్యాక్‌లాష్ మారుతుంది, క్రౌన్ వీల్‌ని పక్కకు జరిపి మళ్లీ సరిచేయాలి. పైగా మెగ్నీషియం కేసింగ్ ఉక్కు కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. 60 మి.మీ. దూరానికి వేడి 80 డిగ్రీలు పెరిగితే తేడా దాదాపు 0.07 మి.మీ. మీ అంకె చల్లగా ఉన్నప్పటిది.

గేర్‌పిచ్చి: బేరింగ్ ప్రీలోడ్ (వదులు లేకుండా ముందే ఇచ్చే బిగింపు) వేశాకే కొలిచారా?

మైక్రోమీటర్: వేడికి పినియన్ ఇంకా దూరం జరుగుతుంది కదా. ఆయన ఇప్పటికే 0.10 వెనక్కి తీశాడు. మీ లెక్క నా మాటకే బలం.

నీలిరంగు: లెక్క సరే, ఒప్పుకుంటాను. కానీ ప్రతిదానికీ అంకె, అంకె అంటారేంటండీ! మీరు బిగించినవన్నీ డబ్బాలోంచి తీసిన కొత్త సెట్లు, నాకు ఎప్పుడూ దొరికినవి వాడినవే. పళ్లు ఒకదానికొకటి అరిగి కుదురుకున్నాక, ఆ అంకె చెక్కినప్పటి పళ్లు ఇప్పుడు లేవు. వాటిని ముందున్న చోటే పెట్టాలి, లేదంటే అరుగుదల అంచు మీద భారం పడి గేర్ ఏడుపు మొదలుపెడుతుంది.

మైక్రోమీటర్: వాడిన సెట్ అని అడిగినాయన ఎక్కడ చెప్పాడు? ఇంతసేపూ కొత్తది అనుకునే మాట్లాడుతున్నాను.

షిమ్‌పెట్టె: వాడినదేనండీ, చెప్పడం మర్చిపోయాను, క్షమించండి. బేరింగ్ మాత్రం కొత్తది. ప్రీలోడ్ వేశాకే కొలిచాను. పాత షిమ్, పాత బేరింగ్ రెండూ నా దగ్గరే ఉన్నాయి.

మైక్రోమీటర్: అయితే రెండు బేరింగ్‌ల మందమూ కొలిచి, తేడా ఎంతుంటే అంత షిమ్‌లో సర్ది పాత చోటికే తెండి. కొత్త సెట్ అయితే మాత్రం నా మాట మారదు.

నీలిరంగు: అది అయ్యాక రంగు పూసి ఫొటో పెట్టండి. డ్రైవ్ వైపూ (ఇంజిన్ లాగేటప్పుడు ఆనే పంటి ముఖం), కోస్ట్ వైపూ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆనేది) రెండూ కావాలి.